నీళ్ళ మీద వేసిన నింద

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం ప్రాంతాల్లో ఎవరికి ఏ జబ్బు చేసినా ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగువాళ్ళు, చివరికి మందుల దుకాణంవాడు కూడా ఒకటే కారణం చెబుతారు: నీళ్ళు. ఒంటిమీద దద్దుర్లు లేచినా నీళ్ళే, జుట్టు రాలినా నీళ్ళే, నడుము పట్టుకున్నా నీళ్ళే. మా చిన్నాయనకు 2009లో మొదటిసారి కిడ్నీలో రాయి వచ్చినప్పుడు మేమూ ఆ మాటే విన్నాము, ఆ మాటే నమ్మాము. రెండేళ్ళకు రెండవ రాయి వచ్చింది. "బోరు నీళ్ళు తాగితె రాళ్ళు గాక రత్నాలొస్తయా" అన్నది మా చిన్నమ్మ. అందరం నవ్వుకున్నాము కూడా.

ఆయన మందుల ముడిసరుకు తయారు చేసే కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేసేవాడు. రాళ్ళు కాక మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి, మలబద్ధకం, ఎప్పుడూ దాహం, ఎప్పుడూ అలసట. మనిషి మాట తగ్గిపోయింది. ఒకరోజు మోపెడ్‌కు స్టాండు వేస్తూ తూలి, చెయ్యి నేలకు ఆనించినంత మాత్రానికే మణికట్టు విరిగింది. ఎముకలు బలహీనపడ్డాయని ఎవరో కాల్షియం మాత్రలు రాశారు. రెండేళ్ళు నియమంగా మింగాడు. 2016లో మూడవ రాయి. ఈసారి చూసిన కుర్ర డాక్టరుకు ఎందుకో అనుమానం వచ్చి రక్తంలో కాల్షియం ఎంత ఉందో చూడమన్నాడు. 12.1 ఉంది. ఉండవలసినది సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య. ఆ తరువాత మరొక పరీక్ష, ఒక స్కాను, హైదరాబాదులో ఒక ఆపరేషను. మెడలోంచి తీసినది చింతగింజంత కణితి. ఏడేళ్ళ రాళ్ళకు, నొప్పులకు, విరిగిన మణికట్టుకు మూలం అది. నీళ్ళు కాదు.

ఇది చెప్పగానే ఒక అపార్థానికి అవకాశం ఉంది కనుక ముందే దాని సంగతి చూస్తాను. పటాన్‌చెరు నీళ్ళు నిర్దోషులని నేను అనడం లేదు. 1970ల నుంచి ఇక్కడ పెరిగిన పరిశ్రమలు నక్కవాగును ఏం చేశాయో ఆ వాగు ఒడ్డున పొలాలున్న ఎవరిని అడిగినా చెబుతారు. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీం కోర్టులో వ్యాజ్యం పడింది. పటాన్‌చెరులోనే వైద్యం చేస్తూ డాక్టర్ కిషన్‌రావు ఏళ్ళ తరబడి ఆ పోరాటం నడిపారు. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఇక్కడి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని అందులో తేల్చారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అటువంటి నీటి మీద ఎంత నింద వేసినా తక్కువే.

నా బాధ వేరు. ఊళ్ళో ఒక పేరుమోసిన దొంగ ఉన్నప్పుడు ప్రతి దొంగతనమూ వాడి పద్దులోనే పడుతుంది. ఇంట్లోనే ఉన్న చిల్లర దొంగ హాయిగా తిరుగుతాడు. పటాన్‌చెరులో నీళ్ళు ఆ పెద్ద దొంగ. "నీళ్ళ వల్ల" అన్న మాటతో రోగి ప్రశ్నించడం మానేస్తాడు, డాక్టరు వెదకడం మానేస్తాడు. నీళ్ళు మార్చడం ఇద్దరి చేతుల్లోనూ లేదు కనుక నొప్పికి మాత్ర రాసి పంపడమే మిగులుతుంది. కాని చింతగింజంత కణితిని తీసివేయడం మనిషి చేతుల్లో ఉన్న పని.

ఇంతకీ ఆ గ్రంథి ఏమిటి? మెడ ముందు భాగంలో థైరాయిడ్ ఉంటుంది. మన బడి పుస్తకాలు దాన్ని అవటు గ్రంథి అంటాయి. ఆ మాట ఎవరి నోటా విన్న జ్ఞాపకం నాకు లేదు. దాని వెనుక భాగాన అంటుకుని, సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటినే పారాథైరాయిడ్‌లంటారు. కొందరు సహగళగ్రంథులని తెనిగించారు, మాట బాగుంది. నేను మాత్రం రోగులకూ ల్యాబువాళ్ళకూ తెలిసిన పేరుతోనే సాగుతాను. ఒక్కొక్కటీ కందిపప్పు బద్దంత, బరువు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. థైరాయిడ్‌కు పొరుగున ఉన్నందుకు ఆ పేరు వచ్చిందే తప్ప దాని పనితో వీటికి సంబంధం లేదు. ఈ ఇరుగుపొరుగు పేరు వల్ల జరిగే గందరగోళం ఇంతా అంతా కాదు. "థైరాయిడ్ పరీక్ష చేయించాం, బాగానే ఉంది" అని మా చిన్నాయన విషయంలో మేమే ఎన్నిసార్లు చెప్పామో.

ఈ నాలుగు గ్రంథులకు ఉన్నది ఒకటే ఉద్యోగం, రక్తంలో కాల్షియం మట్టాన్ని కాపాడడం. పెద్ద మనిషి దేహంలో సుమారు కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. మన పెద్దలు 'ఎముకలో సున్నం' అన్నది దీన్నే. మిగిలిన పిసరు రక్తంలో, కణాలలో తిరుగుతూ కండరాలను కదిలిస్తుంది, నరాలకు కబురందిస్తుంది, గుండెను కొట్టిస్తుంది. ఈ పిసరు తగ్గితే ప్రాణానికే ముప్పు. అందుకని పారాథైరాయిడ్ కణాల మీద కాల్షియంను కనిపెట్టే గ్రాహకాలు ఉంటాయి. ఆ గ్రాహకాన్ని 1993లో గుర్తించారు. మట్టం రవ్వంత తగ్గగానే గ్రంథి పారాథార్మోన్ అనే హార్మోనును వదులుతుంది. అది ఎముకల ఖజానా తెరిచి కాల్షియం బయటికి తెస్తుంది. మూత్రంలో పోబోయే కాల్షియంను కిడ్నీ చేత వెనక్కి లాగిస్తుంది, ఫాస్ఫరస్‌ను మాత్రం బయటికి పంపిస్తుంది. కిడ్నీలోనే డి విటమిన్‌ను చురుకైన రూపానికి మార్పించి, తిన్న తిండిలోని కాల్షియం పేగులోంచి ఎక్కువగా ఒంటబట్టేటట్టు చేస్తుంది. మట్టం కుదుటపడగానే గ్రంథి ఊరుకుంటుంది. ఆరోగ్యవంతుడిలో ఈ లెక్క ఏడాది పొడుగునా తప్పదు.

లెక్క తప్పే తీరులు ప్రధానంగా మూడు. ఒక గ్రంథిలో కణితి పుట్టి, అవసరం లేకపోయినా హార్మోనును పోస్తూనే ఉండడం ఒకటి. ఇది ప్రాథమిక రుగ్మత. చాలామందిలో కారణం ఒకే ఒక్క గ్రంథిలోని నిరపాయకరమైన కణితి, క్యాన్సరు చాలా అరుదు. రెండవది, గ్రంథిలో ఏ దోషమూ లేకపోయినా కాల్షియం కొరతో, డి విటమిన్ లేమో, కిడ్నీల వైఫల్యమో దాన్ని రాత్రింబవళ్ళు పని చేయించడం. గ్రంథులు నాలుగూ ఉబ్బుతాయి. మూడవది గ్రంథులు లేకుండా పోవడం, దాని సంగతి చివర చెబుతాను. మొదటి రెండింటిలోనూ హార్మోను ఎక్కువే. రెండింటిలోనూ ఎముకలు అరుగుతాయి. కాని ఒకదానిలో గ్రంథి నేరస్థురాలు, మరొకదానిలో వెట్టిచాకిరీ చేస్తున్న దాసి. ఈ తేడా తెలియక వైద్యులే ఎంతకాలం తికమకపడ్డారో ఈ గ్రంథి చరిత్రలో ఉంది.

ఆ చరిత్ర మన దేశపు ఖడ్గమృగంతో మొదలవుతుంది. లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని 1850 ప్రాంతంలో రిచర్డ్ ఓవెన్ కోసి చూస్తూ, థైరాయిడ్‌ను అంటుకుని ఉన్న ఒక చిన్న పసుపుపచ్చని గ్రంథిని గమనించి రాసిపెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1877లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఈవార్ శాండ్‌స్ట్రోమ్ అనే వైద్య విద్యార్థి ఒక కుక్కలో దాన్ని చూశాడు. తరువాత మనుషుల శవాలలో వెదికి 1880లో ప్రచురించాడు. ఆయనకూ గుర్తింపు రాలేదు. 1889లో ఆత్మహత్య చేసుకున్నాడు.

తరువాతి కథ వియన్నాలో నడిచింది. ఎముకలు మెత్తబడి చనిపోయినవాళ్ళలో ఈ గ్రంథులు ఉబ్బి ఉండడం జాకోబ్ ఎర్డ్‌హైమ్ 1907లో గమనించాడు. ఎముకలు చెడినందువల్ల గ్రంథులు సాయానికి పెరిగాయని ఆయన వాదం. అందులో సత్యం ఉంది, కాని అది సగమే. 1915లో ష్లాగెన్‌హాఫర్ మరొక మాట అన్నాడు. నాలుగింటిలో ఒకటే పెరిగి ఉంటే అదే కారణమై ఉండవచ్చు, తీసివేసి చూడండి అని. పదేళ్ళు ఎవరూ చూడలేదు. 1925లో ఫెలిక్స్ మాండ్ల్ దగ్గరకు ఆల్బర్ట్ అనే ట్రాము కండక్టరు వచ్చాడు. ఎముకలు నొప్పి, తొడ ఎముక విరిగింది, మూత్రంలో తెల్లని మడ్డి. ఎర్డ్‌హైమ్ వాదాన్ని నమ్మిన మాండ్ల్ మొదట అతనికి పారాథైరాయిడ్ సారం ఇచ్చాడు, ఆపైన చనిపోయిన మరొకరి గ్రంథులను తెచ్చి అతికించాడు. రోగం తగ్గలేదు. అప్పుడు తన నమ్మకాన్ని తానే పక్కన పెట్టి మెడ కోసి చూసి, కణితి కనిపిస్తే తీసివేశాడు. రోగి లేచి నడిచాడు. కొన్నేళ్ళ తరువాత రోగం తిరగబెట్టిందన్నది వేరే సంగతి. ఎముకలు బలహీనంగా ఉన్నాయని మా చిన్నాయన చేత కాల్షియం మింగించినవారికి వియన్నాలో 1925కు ముందు నాటి తర్కమే తర్కం.

అమెరికాలో కెప్టెన్ చార్లెస్ మార్టెల్ అనే నౌకాధికారిది ఇంకా దారుణమైన కథ. ఎముకలు కుంగి మనిషి ఏడు అంగుళాలు పొట్టి అయ్యాడు. 1926 నుంచి మెడ మీద ఆపరేషన్ తరువాత ఆపరేషన్ చేశారు, కణితి దొరకలేదు. చివరికి ఆయనే గ్రంథాలయంలో కూర్చుని చదువుకుని, అది ఛాతీలో ఉండవచ్చునని, అక్కడ వెదకమని పట్టుబట్టినట్టు చెబుతారు. 1932లో బోస్టన్‌లో ఏడవ ఆపరేషన్‌లో అది ఛాతీలోనే దొరికింది. కొన్ని వారాలకు మూత్రనాళంలో ఇరుక్కున్న రాయి ఆయన ప్రాణం తీసింది. మార్టెల్ కథ చదివినప్పుడల్లా నాకు మా చిన్నాయన పాలిథిన్ సంచి గుర్తుకొస్తుంది. దాని సంగతీ చెబుతాను.

ఇప్పుడు మన వైపు వద్దాము. తెలుగునేల మీద ఈ గ్రంథికి నేరం కంటే చాకిరీ ఎక్కువ. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన రోగుల గురించి ప్రచురించింది. నల్లగొండ సంగతి మనకందరికీ తెలిసినదే. 1973లో హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మరొక సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో ఎదిగే వయసు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, మోకాళ్ళు లోపలికి వంగి కాళ్ళు దొడ్డిపోతున్నాయి. ఫ్లోరైడ్ అంటే ఎముక గట్టిపడడమే అనుకుంటున్న రోజుల్లో ఈ పిల్లల్లో ఎముక డొల్లబారడం కనిపించింది. 1976లో అదే సంస్థలో శివకుమార్, కృష్ణమాచారి ఆ రోగుల రక్తంలో పారాథార్మోన్ కొలిచి, అది ఎక్కువగా ఉన్నదని చూపారు. 1973లోనే ఉత్తరప్రదేశ్ ఫ్లోరోసిస్ రోగులలో తెవోతియా దంపతులూ ఇదే గమనించారు. ఫ్లోరైడ్ కొత్త ఎముకను పుట్టిస్తూ కాల్షియంను అటు లాగేస్తుంది. తిండిలో కాల్షియం అంతంతమాత్రం. ఇక గ్రంథి పాత ఎముకను తవ్వి రక్తానికి పోస్తుంది. ఇక్కడ నీళ్ళ నేరం రుజువైనట్టే. నల్లగొండలో "నీళ్ళ వల్ల" అన్నవాడు తప్పు చెప్పలేదు.

ఫ్లోరైడ్ లేని ఊళ్ళోనూ గ్రంథికి విశ్రాంతి లేదు. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం 2005లోనూ 2007లోనూ ప్రచురించిన అధ్యయనాలు చదివితే, ఎండకు కొదవలేని రాయలసీమ అంచున డి విటమిన్ ఎంత తక్కువో తెలుస్తుంది. ఆరుబయట పనిచేసే పల్లె జనంలో కంటే పట్నవాసులలో లోటు ఎక్కువ. తిండిలో కాల్షియం ఇద్దరికీ తక్కువే. ఉన్న కాస్తనూ గింజల్లోని ఫైటేట్ పేగులోనే పట్టి ఉంచుతుంది. పగలు షెడ్డులో, లేదా రాత్రి షిఫ్టు చేసి పగలంతా గదిలో నిద్ర, మెతుకు నిండా అన్నం, చుక్క మజ్జిగ: పటాన్‌చెరు కార్మికుడి దినచర్యకు ఈ లెక్క అన్వయించుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఇక కిడ్నీలు చెడి డయాలిసిస్ మీద ఉన్నవారిలో డి విటమిన్ చురుకైన రూపానికి మారదు, ఫాస్ఫరస్ పేరుకుంటుంది, గ్రంథులు ఏళ్ళ తరబడి రెచ్చిపోతాయి. ఒక దశ దాటాక అవి ఎవరి మాటా వినవు. కిడ్నీ మార్చినా ఆగవు. దాసి యజమానురాలు కావడమంటే అదే.

ఇన్ని కారణాలు ఉన్నందువల్లనే, ఊహ మీద వైద్యం చేయడం ఇక్కడ మరింత ప్రమాదం. డి విటమిన్ లేమి వల్ల దాసిలా కష్టపడుతున్న గ్రంథికి కాల్షియం, డి విటమిన్ ఇవ్వడమే వైద్యం. కణితి ఉన్నవాడికి తెలియక అదే ఇస్తే కాల్షియం ఇంకా పెరగవచ్చు, రాళ్ళు పెరగవచ్చు. ఆ రెండింటికీ లక్షణాలు ఒకటే: ఎముక నొప్పి, కండరాల నీరసం. మోకాళ్ళ నొప్పి అనగానే ఆరు లక్షల యూనిట్ల డి విటమిన్ సూది వేసే అలవాటు మన దగ్గర ఉండనే ఉంది. అది మళ్ళీ మళ్ళీ వేస్తే గ్రంథి ప్రమేయం లేకుండానే కాల్షియం ప్రమాదస్థాయికి పోతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. కణితి ఉన్న రోగికి డి విటమిన్ కూడా తక్కువైతే కాల్షియం మామూలుగానో, మామూలుకు కాస్త పైననో కనబడి మోసగించవచ్చు. మన దేశపు ప్రాథమిక రోగులలో ఈ డి విటమిన్ లోటు గురించి హరినారాయణ్, ఆయన సహచరులు 1995లోనే రాశారు.

వీటిని విడదీసే తీరు ఏమంత క్లిష్టం కాదు. రక్తంలో కాల్షియం, దానితోపాటు ఆల్బుమిన్, ఫాస్ఫరస్, క్రియాటినిన్ చూడాలి. కాల్షియం ఎక్కువగా ఉంటే మరొకసారి చూసి, ఆపైన పారాథార్మోన్, డి విటమిన్ చూడాలి. కాల్షియం ఎక్కువ, హార్మోనూ ఎక్కువ అయితే గ్రంథిలో కణితిని అనుమానించాలి. కాల్షియం ఎక్కువై హార్మోను 'నార్మల్' అని వచ్చినా అనుమానించవలసినదే, ఎందుకంటే అంత కాల్షియం ఉన్నప్పుడు ఆరోగ్యమైన గ్రంథి నోరు మూసుకుని ఉండాలి. ఈ ఒక్క ముక్క తెలియక వెనక్కి పంపబడిన రోగులు ఉంటారు. కాల్షియం మామూలుగానో తక్కువగానో ఉండి హార్మోను ఎక్కువైతే అది చాకిరీ. కాల్షియం ఎక్కువై హార్మోను అడుగంటితే డి విటమిన్ మితిమీరడమో, క్యాన్సరో, మరొకటో వెదకాలి. ఇరవైనాలుగు గంటల మూత్రంలో కాల్షియం కూడా చూస్తారు. వంశంలో వచ్చే ఒక సాధుస్వభావపు పరిస్థితిలోనూ రక్తంలో కాల్షియం ఎక్కువే ఉంటుంది, దానికి ఆపరేషన్ అక్కరలేదు. మెడ కోసే ముందు దాన్ని తప్పించుకోవాలి.

కణితి అని తేలితే వైద్యం శస్త్రచికిత్సే. లక్షణాలు లేని స్వల్ప రోగాన్ని ఏటా పరీక్షలతో కనిపెట్టి ఉండవచ్చును కాని, రాళ్ళు వచ్చినవారికీ, ఎముకలు డొల్లబారినవారికీ, కిడ్నీ పని తగ్గినవారికీ, యాభై ఏళ్ళ లోపువారికీ, కాల్షియం గరిష్ఠ పరిమితి కంటే ఒక మిల్లీగ్రాముకు మించి పెరిగినవారికీ ఆపరేషనే మేలని వైద్యుల మాట. మార్టెల్ నాటి వెదుకులాట ఇప్పుడు లేదు. అల్ట్రాసౌండుతోను, 1989 నుంచి వాడుకలోకి వచ్చిన సెస్టమిబి అనే అణుధార్మిక స్కానుతోను ఏ గ్రంథి చెడిందో చాలామందిలో ముందే తెలుస్తుంది. పారాథార్మోన్ రక్తంలో కొద్ది నిమిషాలకు మించి నిలవదు కనుక, కణితి తీసిన పది నిమిషాలకు ఆపరేషన్ బల్ల మీదనే కొలిచి చూస్తారు. సగానికి పైగా పడిపోతే పని అయినట్టే. మా చిన్నాయనకు మరునాడు పెదవులు, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. ఏళ్ళ తరబడి దోపిడీకి గురైన ఎముకలు రక్తంలోని కాల్షియంను ఒక్కసారిగా తాగేస్తాయట. దాన్ని ఆకలిగొన్న ఎముకలంటారు. కొన్ని నెలలు కాల్షియం మింగాడు, ఈసారి సకారణంగా. చాకిరీ చేసే గ్రంథికి మాత్రం కత్తి చివరి మాట. డి విటమిన్, కాల్షియం, కిడ్నీ రోగులకు ఫాస్ఫరస్‌ను అదుపు చేసే మందులు, 2004లో అమెరికాలో అనుమతి పొందిన సినాకాల్సెట్ వంటివి ముందు వస్తాయి.

గ్రంథులు లేకుండా పోవడం గురించి క్లుప్తంగా. ఇది ఎక్కువగా థైరాయిడ్ ఆపరేషన్ల తరువాత వస్తుంది. పొరుగింటిని కూల్చేటప్పుడు మన గోడ పడినట్టు. కాల్షియం పడిపోయి తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం, ఒక్కొక్కసారి ఫిట్సు వస్తాయి. గొంతు మీద గాటు ఉన్న మనిషికి ఫిట్సు వస్తే ముందు కాల్షియం చూడాలి. చాలామందిలో కొన్నాళ్ళకు గ్రంథులు తేరుకుంటాయి, తేరుకోనివారు జీవితాంతం మందులు వాడాలి.

సరే, అందరికీ కాల్షియం పరీక్ష చేయాలంటావా అని అడగవచ్చు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు రోచెస్టర్ పట్టణంలో ఆ పని చేసి చూశారు. 1974 జులైలో అక్కడ యంత్రాల మీద మామూలు రక్తపరీక్షలతోపాటు కాల్షియం కూడా చూడడం మొదలుపెట్టారు. ఏటా లక్షమందిలో సుమారు 8 మందికి కనబడే ప్రాథమిక రోగం మరుసటి ఏడాది 51 మందిలో కనబడింది. రోగం పెరగలేదు, చూడడం పెరిగింది. అలా దొరికినవారిలో చాలామందికి బాధలేవీ లేవు, ఏం చేయాలో వైద్యులకే తోచని పరిస్థితి. అందుకని ఊరందరికీ చేయాలని నేను అనను. కిడ్నీలో రాయి వచ్చిన ప్రతి మనిషికి, చిన్న తాకిడికే ఎముక విరిగిన ప్రతి మనిషికి, నెలల తరబడి ఎముకలు నొప్పి అంటున్న ప్రతి మనిషికి, కాల్షియం మాత్ర రాసే ముందు ఒకసారి కాల్షియం చూడాలంటాను. ప్రమాదకరమైన పరిశ్రమల్లో పనిచేసేవారికి ఏటా వైద్యపరీక్ష జరగాలని ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ చెప్పింది. ఆ పరీక్షలో ఎక్స్‌రేకు, చూపుకు ఉన్న గడుల పక్కన కాల్షియంకు, క్రియాటినిన్‌కు రెండు గడులు చేర్చడం ఏ యాజమాన్యానికీ బరువు కాదు. రామచంద్రాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. సంగారెడ్డిలో 2022 నుంచి వైద్య కళాశాల ఉంది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో 2018లో హైదరాబాదులో మొదలైన ఉచిత పరీక్షల పథకం 2021లో జిల్లాలకూ వచ్చింది. కొత్తగా కట్టవలసినది ఏమీ లేదు.

ఇలా రాస్తే కర్మాగారాలకు తప్పించుకునే దారి చూపినట్టవుతుందని ఒక మిత్రుడు అన్నాడు. నాకు వ్యతిరేకంగా తోస్తుంది. కాలుష్యం వల్ల రోగగ్రస్తులైనవారి జాబితాలో కణితి ఉన్నవాడి పేరు కూడా కలిపితే, రేపు న్యాయస్థానంలో అవతలి వకీలు ఆ ఒక్క పేరు పట్టుకుని జాబితా మొత్తాన్నీ చించుతాడు. నల్లగొండలో నీళ్ళ నేరం నిలబడింది రక్తాన్నీ నీటినీ కొలిచిన తార్నాక శాస్త్రజ్ఞుల వల్ల. పటాన్‌చెరులో కూడా నీళ్ళ నేరాన్ని నీళ్ళకు, గ్రంథి నేరాన్ని గ్రంథికి వేరు చేసి చూపితేనే మొదటిది గట్టిగా నిలుస్తుంది.

ఆ పాలిథిన్ సంచి సంగతి. ఆపరేషన్ అయిన తరువాత మా చిన్నాయన పాత కాగితాలు సర్దుతుంటే 2011 నాటి రక్తపరీక్ష రిపోర్టు ఒకటి కనబడింది. రెండవ రాయి వచ్చినప్పటిది. యూరియా, క్రియాటినిన్, సోడియం, అన్నిటి కింద, చివరి వరుసలో కాల్షియం 11.4. పక్కన ల్యాబు యంత్రం ముద్రించిన చిన్న నక్షత్రం గుర్తు. పై అంకెల చుట్టూ ఎవరో పెన్నుతో సున్నాలు చుట్టారు, దాని దాకా పెన్ను రాలేదు. ఆ తరువాతనే ఆయన రెండేళ్ళు కాల్షియం మింగాడు. నేను ఆ కాగితం ఆయనకు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చూసి, మడిచి, మళ్ళీ సంచిలోనే పెట్టాడు.

ఆయనకు మళ్ళీ రాయి రాలేదు. మా చిన్నమ్మ మాత్రం ఇప్పటికీ, ఆపరేషన్ తోపాటు క్యాను నీళ్ళకు మారడం వల్లనే తగ్గిందంటుంది. ఇంట్లో బోరు నీళ్ళు బట్టలకు, అంట్లకు తప్ప వాడనివ్వదు. ఆ విషయంలో నేను ఆమెకు ఎదురు చెప్పలేదు.